పొట్టి తుంగపుల్ల

ఆడవాళ్ల క్రిస్మస్ అంటారు మా వైపు.
జనవరి ఆరు.
పెద్ద క్రిస్మస్ మగవాళ్లది, మాంసమూ విస్కీ.
ఇది మిగిలిన కేకుదీ, టీదీ, మాదీ.

ఆ ఒక్కరోజూ మా నాన్న టైగ్
రొట్టె కాల్చాలి, కోళ్లకు గింజలెయ్యాలి,
పొయ్యిలో పీట్ గడ్డ ఆరకుండా చూడాలి.
పొగరుబోతు గుర్రాల్ని లొంగదీసినవాడు
ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక
మామ్మ వైపు తిరిగేవాడు.
"ఇవాళ నాకు కళ్లు లేవురా" అనేది మామ్మ.

చీకటి పడ్డాక మాత్రం ఆమెకి కళ్లొచ్చేవి.

జల్లెడలో ఓట్లు పోసి
మధ్యలో పేడముద్ద తట్టి
పన్నెండు తుంగపుల్లలు గుచ్చేది.
ఆగస్టులో చిత్తడినేలల్లో కోసినవి;
పచ్చతోలు ఒలిచి, విరగకుండా ఒక్క నార ఉంచి,
లోపలి తెల్లటి బెండుని
గొర్రెకొవ్వులో ముంచి ఆరబెట్టినవి.
వంటిల్లంతా గొర్రె వాసన.

ఇది నాన్న. ఇది అమ్మ. ఇది మలకీ బాబాయి.
ఇది ఫియక్ర, ఇది నువ్వు, ఇది ఊనా, ఇది నేను.
ఏడుగురమే మేము.
మిగతా అయిదూ అపొస్తలులకి.
"వాళ్లెలాగూ పోయారుగా" అన్నందుకు
ఫియక్ర చెవి మెలిపడింది.

ముందు ఎవరి దీపం ఆరితే...
ఆ మాట ఎవరూ పూర్తి చెయ్యరు.
సగంలో ఆపి జపమాల అందుకుంటారు.

మోకాళ్ల మీద మేం,
నోట్లో మరియమ్మ, కళ్లలో మంటలు.
ప్రతి ఏడూ మామ్మదే ముందు ఆరేది.
"చూశారా, నేను వరసలోనే ఉన్నా" అని నవ్వి
చల్లారిన టీ తాగేది.
మళ్లీ ఏడూ ఉండేది,
ఆరిపోయిన మనిషి
నక్క వెంట చీపురుతో పరిగెత్తుతూ.

ఆ రాత్రి పన్నెండింటికి
బావినీళ్లు ద్రాక్షారసమవుతాయట,
తుంగ పట్టవుతుందట, కంకర బంగారం.
చూడబోకూడదు.
క్లూన్‌రా దిబ్బ మీది మూడు రాళ్లూ
చూడబోయిన అన్నదమ్ములే.
"మధ్యవాడికింకా దాహమే" అనేది మామ్మ,
"వాన పడితే నోరు తెరుస్తాడు."

ఊనా దగ్గు మొదలైన శీతాకాలం,
నాకు పదకొండు, దానికి ఏడు,
పండగ ముందురోజు గుడ్ల కోసం కొట్టంలోకి వెళ్లాను.

లాంతరు పక్కన మామ్మ.
ఉన్ని కత్తిరించే కత్తెరతో
ఒక పుల్లని వేలెడు కోసేసింది,
దాని మీది కొవ్వుని గోటితో గీకేసింది.
ఇంకో పుల్లని కొవ్వులో ముంచి, తీసి, ఊది,
మళ్లీ ముంచి, మళ్లీ ఊది,
బొటనవేలంత లావయ్యేదాకా.

నన్ను చూసింది.
"చూడబోయినవాళ్లు ఏమవుతారు?"

అయ్యాను.
డెబ్బై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి అందరి దీపాలూ అయిపోయాయి.
నాన్న పడుకున్నాడు, అపొస్తలులు పడుకున్నారు.
ఊనా దీపం మాత్రం
కారుతూ, కంపుకొడుతూ, చిటపటలాడుతూ, నిలబడే ఉంది.
"నాదే! నాదే!" అని
దగ్గు మధ్యలో చప్పట్లు కొట్టింది ఊనా.

తపస్సు కాలం రెండో వారంలో పోయింది.

తర్వాతి ఏడు కూడా ఏడు పేర్లే చెప్పింది మామ్మ.
ఏదీ కొయ్యలేదు.
అన్నీ ఒకే పొడుగు, ఒకే లావు.
అయినా ఆమెదే చివరిదాకా వెలిగింది.
దొంగని పట్టుకున్నట్టు దానివైపే చూస్తూ కూర్చుంది.
జపమాల పూర్తయింది, టీ అయిపోయింది,
అది ఆరదు.
చివరికి వేళ్లు నాలుకకి తడిపి
నులిమేసింది.

ఇప్పుడు మా ఇంట్లో తుంగ లేదు.
సూపర్‌మార్కెట్లో పుట్టినరోజు కొవ్వొత్తులు,
రంగురంగులవి, పేడ బదులు కేకు.
మనవలకి అదొక ఆట. మా అబ్బాయి టీ పెడుతూ
చక్కెర ఎక్కడమ్మా అంటాడు.
ఇవాళ నాకు కళ్లు లేవురా అంటాను.

కత్తెర ఎక్కడుందో మాత్రం
వాడూ అడగడు, నేనూ చెప్పను.